తిరగని మిల్లుకి జ్వరం

ముప్పై మూడేళ్లు మీటర్లతో కాపురం చేసి బయటపడ్డవాణ్ణి నేను. నరసరావుపేటలో మా ఇంటి ముందుగదిలో గోడకి ఒక కాగితం ఫ్రేము కట్టించి పెట్టుకున్నాను. ఐటీఐ అయిపోయి ఏదో ఒక ఫ్యాక్టరీలో చేరబోయే కుర్రాళ్లు అప్పుడప్పుడు సలహాకని వస్తుంటారు. "అవార్డాండీ?" అంటూ దాని దగ్గరికి వెళ్తారు. చదివాక నా మొహం చూడరు, నేల చూస్తారు. ఎందుకంటే అది ఛార్జి మెమో. విధి నిర్వహణలో తీవ్రమైన నిర్లక్ష్యం, తప్పుడు ధ్రువీకరణ అని ఇంగ్లీషులో టైపు చేసి, కింద వర్క్స్ మేనేజరు సంతకం, దాని పక్కన అందుకున్నానని నా సంతకం. మా ఆవిడ దాన్ని తీసెయ్యమని ఇప్పటికీ పోరుతుంది. ఒకసారి చుట్టాలొస్తున్నారని దాని మీద కేలండరు కూడా తగిలించింది. నేను కేలండరు తీసి వంటింట్లో పెట్టాను. నా సర్వీసు మొత్తంలో గొప్పగా చెప్పుకోదగ్గ కాగితం అదొక్కటే, దాన్నెందుకు దాచుకోవాలి?

ఆ సంగతి చెప్తాను వినండి. మీరంతా చల్లటి గదిలో తెర ముందు కూర్చుని ఫ్యాక్టరీ నడిపే కాలంవాళ్లు. కొంచెం ఎండలోకి రావాలి మరి.

ఎనభైల చివరి ఏళ్లు. మాచర్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ని. పెళ్లి కాలేదు, జుట్టు నిండుగా ఉండేది, తలపొగరు దానికంటే నిండుగా ఉండేది. సిమెంటు మిల్లంటే రైలుపెట్టె అంత ఇనప పీపా. దాని నిండా ఉక్కు గుళ్లు. పీపా తిరుగుతుంటే ఆ గుళ్ల కింద పడి క్లింకరు, అంటే బట్టీలో కాలిన రాయి, నలిగి సిమెంటు అవుతుంది. రెండు కొసల్లో రెండు బేరింగులు ఆ బరువంతా మోస్తాయి. వాటికి ఆయిలు సరిగ్గా అందకపోతే వేడెక్కి లోపలి లోహం కరిగిపోతుంది. ఇక ఆ మిల్లు ఎప్పుడు లేస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని ఒక్కో బేరింగులో ఒక్కో సెన్సారు పెట్టి, అక్కణ్ణుంచి నూట యాభై మీటర్ల కేబులు లాగి, ప్యానెల్ గదిలో మీటరుకి కలుపుతారు. క్లింకరు లోపలికి వెళ్లేవైపు బేరింగుది ఐదో నంబరు మీటరు, సిమెంటు బయటికొచ్చేవైపుది ఆరో నంబరు. డెబ్బై డిగ్రీలు దాటితే మిల్లు దానంతట అదే ఆగిపోతుంది.

ఆ సెన్సారు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. స్టీలు గొట్టంలో సన్నటి ప్లాటినం తీగ ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం నూరు ఓములు. వేడెక్కేకొద్దీ డిగ్రీకి ఇంచుమించు పాయింట్ నాలుగు ఓము చొప్పున పెరుగుతుంది. మీటరు ఆ ఓముల్ని కొలిచి డిగ్రీలుగా చూపిస్తుంది. మరి మధ్యలో ఉన్న నూట యాభై మీటర్ల రాగి తీగకీ నిరోధం ఉంటుంది కదా? మీటరు దాన్ని కూడా వేడి అనుకుంటుంది. ఆ పొరపాటు పడకుండా మూడో తీగ ఒకటి లాగుతారు. దాని ద్వారా మీటరు తీగల లెక్క తెలుసుకుని ఆ మేరకు తీసేస్తుంది. మూడో తీగ పనిచెయ్యకపోతే లేని వేడి కనపడుతుంది. అంతే. ఇంతకంటే చదువు ఇక్కడ అక్కర్లేదు.

ఆ ఏడు జనవరిలో మా సెక్షను మిస్త్రీ రిటైరయ్యాడు. నాకు స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఈపూరు వాడు. తీగ తొడిగితే కొసని ఒక మెలిక తిప్పి వదిలేవాడు, ఫ్యాక్టరీలో ఏ డబ్బా విప్పినా ఆ మెలిక చూసి ఇది ఆయన చెయ్యి అని చెప్పెయ్యొచ్చు. వెళ్లే రోజు పూలదండ మెళ్లో ఉండగానే నన్ను పక్కకి పిలిచాడు.

"ఒరేయ్, ఆరో నంబరు మీటరుంది చూడు, దాని జోలికి పోబాక. బాగా నడుస్తంది. కదిలించావంటే నీ ఇష్టం."

"ఎందుకని?"

"ఎందుకేందిరా? పోబాకంటే పోబాక."

ఆయనకి ఇలాంటి పట్టింపులు చానా ఉండేవి. ఫలానా స్విచ్చి ఎడమచేత్తో వెయ్యాలనేవాడు, ఫలానా డబ్బా మంగళవారం విప్పకూడదనేవాడు. ఇదీ అందులో ఒకటనుకుని సరేనని తలూపి మర్చిపోయాను.

ఏప్రిల్ ఆఖర్లో ఫ్యాక్టరీకి కొత్త కాలిబ్రేటరు వచ్చింది. ఇటుకంత పెట్టె, తోలు సంచి, భుజాన తగిలించుకోవచ్చు, బ్యాటరీతో నడుస్తుంది. దాని తీగలు మీటరుకి కలిపి, మీటల మీద యాభై అని నొక్కితే, యాభై డిగ్రీల దగ్గర సెన్సారు ఎన్ని ఓములు చూపిస్తుందో అన్నే చూపిస్తుంది. మీటరు యాభై చూపిస్తే సరే, లేకపోతే స్క్రూ తిప్పి సరిచెయ్యాలి. అంతకుముందు ఈ పనికి ఇద్దరు మొయ్యాల్సినంత చెక్కపెట్టె ఉండేది. మా ఇంజినీరు గారు ఆ కొత్త పెట్టెని నా చేతికిచ్చి, "ఇరవై నాలుగు పాయింట్లూ పూర్తి చెయ్యవయ్యా, జాగ్రత్త, చాలా ఖరీదైంది" అన్నారు. దాన్ని భుజాన వేసుకుని క్యాంటీనుకి కూడా వెళ్లాను. చూసినవాళ్లు చూశారు, చూడనివాళ్లకి నేనే చూపించాను.

ఇంజినీరు గారు ఒక ఫారం తయారుచేశారు. ఒక్కో మీటరుకి రెండు గళ్లు. ఒకటి ప్యానెల్ దగ్గర పరీక్ష, రెండోది ఫీల్డ్‌లో పరీక్ష. అంటే సెన్సారు ఉన్న చోటికి వెళ్లి, దాన్ని విప్పి, అక్కణ్ణుంచి కాలిబ్రేటరుతో పంపిస్తే ఇక్కడ ప్యానెల్‌లో సరిగ్గా వస్తోందో లేదో చూడాలి. మొదటి పరీక్ష ఫ్యాను కింద నిలబడి చెయ్యొచ్చు. రెండోదానికి మిల్లెక్కాలి. మే నెల, మాచర్ల ఎండ, కింద మిల్లు వేడి, చుట్టూ సిమెంటు దుమ్ము. ఇనప మెట్ల కమ్మీ పట్టుకుంటే చెయ్యి అంటుకుపోయేది.

ప్యానెల్ దగ్గర ఇరవై నాలుగూ శ్రద్ధగా చేశాను. అన్నీ డిగ్రీ, రెండు డిగ్రీల తేడాతో ఉన్నాయి. ఆరో నంబరు మాత్రం తొమ్మిది డిగ్రీలు తక్కువ చూపించింది! నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. మిస్త్రీ దాని జోలికి పోవద్దన్నది ఇందుకా, తన తప్పు బయటపడుతుందనా అనుకున్నాను. "చూశారా, ముసలాయన ఇన్నాళ్లూ తొమ్మిది డిగ్రీలు తప్పుతో నడిపాడు" అని సెక్షనంతా చాటింపు వేసి స్క్రూ తిప్పి సరిచేశాను. ఒక మీటరు తొమ్మిది డిగ్రీలు ఊరికే ఎందుకు తప్పుతుందిరా అని ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. తర్వాత కూజా దగ్గరికి వెళ్లి చల్లటి నీళ్లు తాగి, బల్ల ముందు కూర్చుని, రెండో గడిలో కూడా ఇరవై నాలుగు టిక్కులు వరసగా పెట్టేసి సంతకం చేశాను. మిల్లు వైపు తలైనా తిప్పలేదు.

రెండో రోజు నుంచి ఆరో నంబరు పెరగడం మొదలైంది. పొద్దున అరవై, అరవై రెండు. మధ్యాహ్నం రెండు దాటేసరికి డెబ్బై. మిల్లు టక్కున ఆగిపోయేది. చల్లారేదాకా ఆగి మళ్లీ తిప్పితే మర్నాడు అదే టైముకి మళ్లీ ఆగేది. వారంలో ఐదుసార్లు ఆగింది.

బేరింగు వేడెక్కిందంటే అందరూ ముందు చూసేది ఆయిల్‌మాన్ వంక. మా మిల్లు ఆయిల్‌మాన్ మాచర్ల సాయిబు. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, నడుముకెప్పుడూ ఒక నూనె గుడ్డ. ఎనిమిదేళ్లుగా బదిలీ కార్మికుడుగానే, అంటే రానివాళ్ల బదులు పనిచేసే తాత్కాలికుడుగానే చేస్తున్నాడు. ఆ నెలాఖరుకి వచ్చే పర్మనెంట్ జాబితాలో ఆయన పేరుందని అందరికీ తెలుసు. నేను ఆయన్ని మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. "మా ఇంట్లో పిల్ల లేదు గాబట్టి బతికిపోయావ్ అల్లుడూ, ఉంటే నీకే కట్టబెట్టేవాణ్ణి" అని ఏడిపించేవాడు.

ఆ నెల రంజాన్ నెల. మామ రోజాలు ఉంటున్నాడు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో, తెల్లవారుజాము నుంచి పొద్దుగూకేదాకా గుక్కెడు నీళ్లు లేకుండా, మిల్లు మెట్లెక్కి దిగుతున్నాడు. మిల్లు షిఫ్టు సూపర్‌వైజరు గురజాల మనిషి. చెడ్డవాడని అనను. మిల్లు ఆగితే ఆయన్ని పైవాళ్లు తినేసేవాళ్లు, ఆయనకి ఎవడో ఒకడు దొరకాలి.

"ఏంది సాయిబూ, మజ్జానం పూట పైకి పోతన్నావా, యాణ్ణన్నా నీడన పడుకుంటన్నావా? నోట్లో నీళ్లు లేకపోతే కాళ్లల్లో సత్తువ యాణ్ణుంచి వచ్చిద్ది?"

"పోతన్నా సార్. గంటగంటకీ పోతన్నా. ఆయిలు బాగనే పడతంది, బేరింగు బాగనే ఉంది. కావాలంటే మీరు ఎక్కి చూడండి."

"నేనెక్కి చూస్తే ఇంక నువ్వెందుకు? మీటరు అబద్ధం చెప్పిద్దా?"

మీటరు అబద్ధం చెప్తుందా అన్న ప్రశ్న నా దగ్గరికే వచ్చింది. ఇంజినీరు గారు పిలిచి ఆరో నంబరు మళ్లీ చూడమన్నారు. కాలిబ్రేటరు తగిలించాను. సున్నా అంటే సున్నా, యాభై అంటే యాభై, వెంట్రుక వాసి తేడా లేదు. "మీటరు బంగారం సార్" అన్నాను. "రాసివ్వు" అన్నారు. ఆరో నంబరు ప్యానెల్ దగ్గరా ఫీల్డ్‌లోనూ పరీక్షించబడింది, సరిగ్గా ఉన్నది అని రాసి, గర్వంగా ఇంత పొడుగు సంతకం గీశాను. ఆ కాగితాన్ని మామ ఫైల్లో పెట్టారు.

సోమవారం పదకొండింటికి వర్క్స్ మేనేజరు గదిలో విచారణ అన్నారు. మామ మీద కేసు కట్టి తీసేసేది ఏమీ లేదు, చాలా మర్యాదగా ఒక కాగితం తయారుచేశారు. ఆరోగ్యం సహకరించనందువల్ల నా అంతట నేనే పనిలోంచి తప్పుకుంటున్నాను, పండగ తర్వాత మళ్లీ కొత్తగా తీసుకోవలసిందిగా కోరుతున్నాను అని. మామ దాని మీద సంతకం పెడితే ఎనిమిదేళ్ల సర్వీసు అక్కడితో సరి. మళ్లీ మొదటి రోజు నుంచి బదిలీ కార్మికుడు. ఆ వయసులో ఇంకో ఎనిమిదేళ్లు ఎక్కడ తెస్తాడు?

నాకు జాలేసింది. కానీ అది పక్కవాడి కష్టం చూసి వేసే జాలి. నా చేత్తో చేసిందని నాకింకా తెలియదు.

శని, ఆదివారాలు కరెంటు కోత. మిల్లుకి కరెంటు ఇవ్వలేదు, లైట్లకీ ప్యానెల్‌కీ మాత్రం వచ్చేది. రెండు రోజులు మిల్లు కదల్లేదు. సోమవారం పొద్దున ఆరింటి షిఫ్టుకి నేను ప్యానెల్ గదిలో ఉన్నాను. మామ రిజిస్టరులో వేలిముద్ర వేసే రకం కాదు, సంతకం పెడతాడు, ఉర్దూలో. అంకెలు మాత్రం ఏ భాషలోవైనా చదివేస్తాడు. సంతకం పెట్టి వెళ్లబోతూ ప్యానెల్ ముందు ఆగాడు. ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. ఐదో నంబరు ముప్పై రెండు. ఆరో నంబరు నలభై ఒకటి.

"అల్లుడూ, ఇట్రా."

వెళ్లాను.

"మిల్లు ఎన్నాళ్ల నుంచి నిలబడుంది?"

"శనివారం పొద్దుట్నుంచి."

"ఆ కొస బేరింగూ ఈ కొస బేరింగూ ఒకే షెడ్డులో ఉన్నయ్యి గదా? ఒకే గాలి గదా? తిరిగేటప్పుడు నేను ఆయిలు పొయ్యలేదు, కాలింది అన్నారు. సరే. తిరగని మిల్లుకి జరం ఎందుకొచ్చింది?"

నేను మళ్లీ ప్యానెల్ వంక చూశాను. మిల్లు నడుస్తున్నప్పుడు సిమెంటు బయటికొచ్చేవైపు బేరింగు ఎలాగూ ఎక్కువ వేడిగా ఉంటుంది. అందుకని ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు. రెండు రోజులు కదలకుండా పడున్న ఇనుము ఒక కొస చల్లగా, ఒక కొస వేడిగా ఎలా ఉంటుంది? ముప్పై రెండూ, నలభై ఒకటీ. తేడా తొమ్మిది. నేను స్క్రూ తిప్పి సరిచేసిన తొమ్మిది.

కాలిబ్రేటరు భుజాన వేసుకుని మిల్లు వైపు నడిచాను. మామ నా వెనకే వచ్చాడు. మెట్లెక్కి బేరింగు దగ్గర సెన్సారు మూత విప్పాను. ఆ మూత మీద దుమ్ము ఒక అట్టలాగా పేరుకుని ఉంది. ఆ దుమ్ము చూస్తే చాలు, ఎన్నాళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదో చెప్పడానికి. సెన్సారు తీసేసి కాలిబ్రేటరు కలిపి సున్నా డిగ్రీలు పెట్టాను. మామని అక్కడే నిలబెట్టి ప్యానెల్ గదికి పరిగెత్తాను. ఆరో నంబరు తొమ్మిది చూపిస్తోంది.

అంటే మీటరు సరే, సెన్సారు సరే, మధ్యలో తీగ. ప్యానెల్ కింద కేబుళ్ల గదిలోకి దిగి టార్చి వేశాను. ఆరో నంబరు తీగల దగ్గర రెండు స్క్రూల మధ్య అంగుళం ముక్క ఎర్ర తీగ. దాని కొసకి ఒక మెలిక. మిస్త్రీ చెయ్యి. కేబుల్లో మూడో తీగ ఎక్కడో తెగింది. దాని బదులు ఆయన ఇక్కడ ఈ అతుకు వేసి, తీగ వల్ల ఎక్కువొచ్చే తొమ్మిది డిగ్రీల్నీ మీటరు స్క్రూ తిప్పి తగ్గించేసి పెట్టాడు. రెండు తప్పులూ కలిసి లెక్క సరిపోయింది. నేను మహా పండితుడిలా వచ్చి అందులో ఒక తప్పు దిద్దాను. ఫీల్డ్‌లో చేసినట్టు టిక్కు పెట్టిన ఆ పరీక్ష నిజంగా చేసుంటే మొదటి రోజే దొరికేది.

పైకి వెళ్లి మామకి చెప్పాను. టిక్కు సంగతితో సహా చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నానో, కావలించుకుంటాడనుకున్నానో. మామ చేతిలో నూనె గుడ్డతో కింద మెట్ల వైపు చూపించాడు.

"ఈ మెట్లెక్కలేకనా అల్లుడూ?"

నేను వంగి కాలిబ్రేటరు తీగలు చుట్టసాగాను.

"నేను నీళ్లు లేకుండా రోజుకి పదిసార్లు ఎక్కి దిగుతన్నా. నువ్వు కూజాడు నీళ్లు తాగి గూడా ఒక్కసారి ఎక్కలేకపోయావా? వారం నుంచి దొంగ మొకం ఏసుకుని తిరుగుతన్నాను గదరా, ఇంట్లో వాళ్లకి గూడా చెప్పుకోలేక!"

ఎన్నడూ నన్ను రా అననివాడు. ఆ మాట ఇప్పటికీ వినపడుతుంది.

నిజం చెప్తున్నాను, అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. స్క్రూని మళ్లీ తొమ్మిది డిగ్రీలు వెనక్కి తిప్పేస్తే చాలు. మిల్లు ఆగడం మానేస్తుంది, ఎవరికీ తెలియదు. కానీ అప్పుడు ఏమనుకుంటారు? గట్టిగా అడిగేసరికి సాయిబు దారిలో పడ్డాడు, ఇప్పుడు ఆయిలు సరిగ్గా పోస్తున్నాడు అనుకుంటారు. ఆ కాగితం మీద సంతకం ఎలాగూ పెట్టించుకుంటారు. మిల్లు బాగుపడుతుంది, మామ బాగుపడడు. ఎనిమిదింటి నుంచి పదకొండు దాకా కేబుళ్ల గది మెట్ల మీద కూర్చున్నాను. ఉద్యోగం పోతే ఊళ్లో మా నాన్నకి ఏం చెప్పాలా అని ఒకటే గుబులు.

పదకొండింటికి మేనేజరు గారి తలుపు తట్టాను. లోపల మేనేజరు గారు, మా ఇంజినీరు గారు, సూపర్‌వైజరు కూర్చుని ఉన్నారు. మామ నిలబడి ఉన్నాడు. కాగితం బల్ల మీద, పెన్ను దాని మీద.

"నిన్ను పిలవలేదే?" అన్నారు మేనేజరు గారు.

"సార్, ఆ ఫైల్లో ఆరో నంబరు మీద నేను రాసిచ్చిన కాగితం ఉంది. అది అబద్ధం. నేను ఫీల్డ్‌కి వెళ్లలేదు."

మా ఇంజినీరు గారు ఫైలు ముందుకి లాక్కున్నారు. సూపర్‌వైజరు లేచాడు. "ఇదేంది సార్, ఈళ్లిద్దరూ మామా అల్లుడూ అని పిలుచుకుంటారు. ఈయన్ని కాపాడాలని చెప్తన్నాడు. ఇందాక ఇద్దరూ మిల్లు మీదికెక్కి ఏదో కెలికారు, నేను చూశా."

ఆయన అలా అనడం కూడా మంచిదే అయింది. నాకు రోషం వచ్చింది, దాంతో భయం పోయింది.

"సార్, నేను దేన్నీ ముట్టుకోను. మీ ముగ్గురితో కలిసి ప్యానెల్ గదిలో నిలబడతాను. కాలిబ్రేటరు సాయిబు గారి చేతికిస్తాను. మిల్లు దగ్గర ఆయనే తీగలు కలిపి నొక్కుతారు. కావాలంటే సూపర్‌వైజరు గారు ఆయన పక్కనే ఉండి చూసుకోవచ్చు."

మేనేజరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అంత ఖరీదైన పెట్టెని ఆయిల్‌మాన్ చేతికా?" అని నసిగారు ఇంజినీరు గారు. "నేను నొక్కినదానికంటే ఆయన నొక్కితేనే నమ్ముతారు సార్" అన్నాను.

మామ నూనె గుడ్డకి చేతులు తుడుచుకుని, ఆ తోలు సంచిని రెండు చేతులతో అందుకున్నాడు. సూపర్‌వైజరు వెంట వెళ్లాడు. మేం ప్యానెల్ ముందు నిలబడ్డాం. మిల్లు దగ్గర్నుంచి ప్యానెల్‌కి ఒక ఫోను ఉండేది. అది మోగింది. మేనేజరు గారే ఎత్తారు.

"సార్, సున్నా నొక్కా" అంది మామ గొంతు. నాకూ వినపడింది.

ఆరో నంబరు మీద తొమ్మిది.

"సూపర్‌వైజర్ని పిలువు. ఏమయ్యా, ఏం పెట్టాడు?"

"సున్నానే సార్."

"యాభై పెట్టమను."

ఎర్ర అంకెలు ఒక్క క్షణం చెదిరి యాభై తొమ్మిది దగ్గర నిలబడ్డాయి. మేనేజరు గారు తనకి తోచిన అంకెలు నాలుగైదు అడిగారు. ప్రతిదానికీ తొమ్మిది ఎక్కువే వచ్చింది. ఫోను పెట్టేసి నా వైపు తిరిగారు.

"మీటరు కరెక్టని నువ్వే రాశావు."

"మీటరు కరెక్టే సార్. మీటరు దాకా వచ్చే దారి కరెక్టు కాదు. దాన్ని చూడటానికి నేను వెళ్లలేదు."

ఆయన తన గదికి వెళ్లి ఆ పెన్నుతోనే మామ కాగితాన్ని అడ్డంగా గీసేశారు. మరో కాగితం తెప్పించి నాకు మెమో టైపు చేయించారు. మధ్యాహ్నానికి చేతిలో పెట్టారు. "ఈ మెమో ఇవ్వకపోతే నేను మేనేజర్ని కాను" అన్నారు, "నువ్వు ఇవాళ వచ్చి చెప్పకపోతే నువ్వు మెకానిక్‌వి కావు." తిట్టారో మెచ్చుకున్నారో ఆ రోజు తెలియలేదు. నాకు రావలసిన ప్రమోషను ఏడాది వెనక్కిపోయింది. నెలాఖరు జాబితాలో మామ పేరు మూడోది.

కేబులు మార్చడానికి వెంటనే వీలుపడలేదు. అందుకని ఆ సాయంత్రం నేను చేసిందేమిటో తెలుసా? మిస్త్రీ చేసిందే. స్క్రూ తిప్పి మళ్లీ తొమ్మిది డిగ్రీలు తగ్గించాను. కాకపోతే ఎందుకు తగ్గించానో, ఎవరు తగ్గించారో, ఎప్పుడు తీసెయ్యాలో ఒక అట్టముక్క మీద రాసి మీటరుకి వేలాడదీశాను.

ఆ ఆదివారం బస్సెక్కి వినుకొండ మీదుగా ఈపూరు వెళ్లాను. మిస్త్రీ మిరప నారుమడి కోసం దడి కడుతున్నాడు. సంగతంతా చెప్పాను. నవ్వాడు.

"కాలవ తవ్వేటప్పుడు కేబుల్ మీద గునపం పడిందిరా. కొత్తది ఏస్తాం, మిల్లు ఒక్కపూట ఆపండి అంటే ఆపలా. ఏం చెయ్యమంటావ్? బేరింగు నూనెలో ధర్మామీటరు పెట్టి దానికి సరిపెట్టా. పోబాకని నీకు చెప్పి గూడా వస్తి."

"ఎందుకో చెప్పలేదు గదా. పోనీ ఎక్కడన్నా రాసిపెట్టొచ్చు గదా?"

ఆయన దడి కట్టడం ఆపాడు. "అన్నీ రాసిపెడితే ఇంక నన్నెవరు పిలుస్తారురా?" అన్నాడు మెల్లగా. నాకు కోపం రాలేదు. ముప్పై ఏళ్లు ఆ ఫ్యాక్టరీ ఆయన బుర్రలో ఉండేది, ఆ ఒక్క ఆస్తీ కాగితం మీద పెట్టి ఇచ్చేస్తే తన చేతిలో ఏం మిగులుతుందని ఆయన భయం. కానీ నేనలా ఉండకూడదని ఆ దడి పక్కనే నిలబడి గట్టిగా అనుకున్నాను. ఆ తర్వాత నేను రాయకుండా ఒక్క స్క్రూ తిప్పలేదు. నేను రిటైరయ్యాక ఇంతవరకూ ఒక్కడు ఫోను చేసి ఏ తీగ ఎక్కడుందని అడగలేదు. అంతకంటే గొప్ప సన్మానం నాకేముంటుంది?

మామ మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. రంజాన్ పండగ మర్నాడు పెద్ద క్యారియరు నిండా షీర్ కుర్మా తెచ్చి సెక్షన్లో అందరికీ గ్లాసుల్లో పోశాడు. సూపర్‌వైజరుకి కూడా పోశాడు. నా ముందు గ్లాసు పెట్టి, పోసి, మొహం చూడకుండా పక్కకి జరిగాడు. అది నాలిక్కి తియ్యగానే ఉంది, సగం తాగి గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

జులైలో కొత్త కేబులు వేశారు. నేను మీటరు స్క్రూని మళ్లీ సరైన చోటికి తిప్పి, కాలిబ్రేటరు తీసుకుని మిల్లెక్కాను. అప్పటికి ఫారంలో పెన్సిలుతో మూడో గడి ఒకటి గీసుకున్నాను, ఫీల్డ్‌లో పక్కనుండి చూసినవారి సంతకం అని. ఇంజినీరు గారు దాన్ని తర్వాత అచ్చులోనే వేయించారు. ఎవర్ని పిలవాలా అని నేను మెట్ల మీద ఆగితే, మామ ఎప్పుడొచ్చాడో, స్పానరు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నేను పిలవలేదు. మూత విప్పాడు. నేను తీగలు కలిపాను. సున్నా, యాభై, వంద. ప్యానెల్ నుంచి ఫోనులో చెప్పినవన్నీ సరిపోయాయి. మీటరుకున్న అట్టముక్క తీసెయ్యమని ఫోనులోనే చెప్పాను. ఫారం ముందు పెట్టి మూడో గడి చూపించాను.

ఆ ఫారం నకలు మెమో వెనకాల, అదే ఫ్రేములో ఉంది. కుర్రాళ్లకి మెమో ఒక్కటే కనపడుతుంది, వెనక ఏముందో నేనెప్పుడూ చెప్పలేదు. ఇవాళ మీకు చెప్పాను.

మామ నూనె చేతులు గుడ్డకి తుడుచుకుని, మిల్లు బేరింగు మీదే ఫారం ఆనించి, కుడి నుంచి ఎడమకి నెమ్మదిగా సంతకం పెట్టాడు. పెన్ను నాకిచ్చాడు. బేరింగు పక్కన తడిగుడ్డ చుట్టి పెట్టుకున్న సీసా తీసి నా చేతిలో పెట్టాడు.

"చానా ఎత్తెక్కి వచ్చావు" అన్నాడు. "ముందు నీళ్లు తాగు అల్లుడూ."